మొద్దు మోటారు

పరంజ్యోతి వేలు స్విచ్ మీద ఉంది. ఇంకో క్షణంలో విజయవాడ ఆటోనగర్‌లో, కంపెనీ అనుమతి లేకుండా, కంప్యూటర్ చెప్పినట్టు ఇనుము కోసే ఒక సీఎన్‌సీ మిషన్ కదలబోతోంది. సరిగ్గా అప్పుడే షెడ్డు యజమాని పిచ్చియ్య, "ఒక్క నిమిషం ఆగండి మేడమ్ గారూ," అని అడ్డం వచ్చాడు. చట్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ చట్రం మూలకేసి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు చిమ్మి, మూత వేయని కంట్రోల్ బోర్డు మీద పడ్డాయి. చిటపటమంది. పొగ వచ్చింది. అక్కడితో అయిపోయింది.

ఆటోనగర్‌లో కొత్త మిషన్ ఏది దించినా కాయ కొట్టందే నడపరు. పాత లేతు మిషన్లకి ఎన్ని కాయలు కొట్టినా జలుబు కూడా చేయలేదు. సర్వో మోటారుని నడిపే ఈ బోర్డుది అంత గట్టి ఒళ్ళు కాదు.

"శకునం బాలేదంటారా?" అన్నాడు పిచ్చియ్య నెమ్మదిగా.

"శకునం బాగానే ఉంది పిచ్చియ్య గారూ. బోర్డే పోయింది," అంది పరంజ్యోతి. ఆమెకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. మళ్ళీ అలాంటి బోర్డు కొనే స్తోమత ఇద్దరికీ లేదు.

అప్పటి రోజులు అలాంటివి. అమ్మకానికి వచ్చే ప్రతి సర్వో మోటారులోనూ గోరంత చిప్ ఉండేది. కోత మొదలుపెట్టే ముందు అది కంపెనీని అడుగుతుంది, ఫలానా ఆకారం కోయమంటున్నారు, కోయనా అని. కంపెనీ ఊఁ అంటేనే మోటారు తిరుగుతుంది. పాత బస్సుల గేర్లకి కంపెనీ ఊఁ అనడం మానేసింది, ఎందుకంటే పాత బస్సులు తిరుగుతుంటే కొత్తవి ఎవరు కొంటారు? పోనీ చేత్తో నడిపే పాత మిషన్లు ఉన్నాయా అంటే, పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళండి అని కంపెనీ పిలిచినప్పుడు అందరూ సంబరంగా వరసలో నిలబడి ఇచ్చేశారు. ఇప్పుడు గేర్లు కోసే షెడ్లన్నీ మూతపడ్డాయి. తెరిచి ఉన్నది పిచ్చియ్యదొక్కటే. ఈ మిషన్ నడవకపోతే అదీ మూతే.

పరంజ్యోతి అదే కంపెనీ ల్యాబులో పనిచేసిన సైంటిస్టు. చిప్ తయారుచేసే పని తన బల్ల మీద పెట్టిన రోజున, చేయనని వాళ్ళ మొహానే చెప్పి బయటికి వచ్చేసింది. దొంగ అనుమతితో సర్వోను ఏమార్చాలన్నది ఆమె మొదటి ఎత్తు. దాన్ని కొబ్బరినీళ్ళు మింగేశాయి.

రెండో రోజు ఆమె పిచ్చియ్యను వెంటబెట్టుకుని తుక్కు కొట్లకి వెళ్ళింది. నోట్ల వాడకం పోయాక ఏటీఎంలన్నీ అక్కడికే చేరాయి. వాటి పొట్టల్లో స్టెపర్ మోటార్లు ఉన్నాయి. సర్వోకి కన్ను ఉంటుంది, ఎంత తిరిగిందో చూసుకుని దిద్దుకుంటుంది. స్టెపర్‌కి కన్నూ లేదు, బుర్రా లేదు. ఒకసారి కరెంటు తాకిస్తే ఒక అడుగు వేస్తుంది. బరువెక్కువై అడుగు తప్పినా, వేశాననే అనుకుంటుంది.

ఆమె ఒక్కో మోటారు తీసి, రెండు తీగలు కలిపి పట్టుకుని ఇరుసు తిప్పింది. తిప్పినప్పుడు బిగుసుకుంటే ఆ రెండు తీగలూ లోపలి ఒకే రాగి చుట్టవి, చుట్ట బాగున్నట్టు. వదులుగా తిరిగితే ఇంకో జత చూస్తుంది. ఏ జతా బిగుసుకోని మోటారుని పక్కన పడేస్తుంది.

"ఇంత బక్క మోటార్లు ఇనుమేం కోస్తయ్యండీ?" అన్నాడు పిచ్చియ్య.

"బెల్టు వేసి వేగం తగ్గిస్తే బలం వస్తుంది. కొంచెం కొంచెంగా కోస్తాయి. మనకేం తొందర?"

"చిప్ లేదు గదా, మరి ఎవరి మాట వింటది?"

"తెలివైన మోటారు కంపెనీ మాట వింటుంది. ఈ మొద్దు మోటారు, తీగ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. నాకు మొద్దుదే కావాలి."

కరెంటుకి పాత సెల్ టవర్ నుంచి ఊడదీసిన పవర్ సప్లై దొరికింది. గేరు కోసే కత్తిని తిప్పడానికి పిచ్చియ్య ఇంట్లో మూలపడ్డ గ్రైండర్ మోటారు వచ్చింది. ఇక మిగిలింది తప్పిన అడుగు సంగతి. తిరిగే మోటారు తన తీగల్లోకే కాస్త వోల్టేజీని వెనక్కి తోస్తుంది. అడుగు తప్పితే ఆ తోపు మారుతుంది. ఆ మార్పుని పట్టుకుని, తప్పిన అడుగుని మళ్ళీ వేయించే చిన్న సర్క్యూట్ ఆమె బొమ్మ డ్రోన్ బోర్డు మీద కట్టింది. దానికి చెవి అని పేరు పెట్టింది. మోటారుకి కన్ను లేకపోతే మానె, బోర్డుకి చెవి ఉంటే చాలు.

మిషన్ నడిపిన రోజున మొదటి గేరు మధ్యాహ్నానికి దిగింది. దాన్ని బిగించిన పాత బస్సు ఏలూరు దాకా వెళ్ళి వచ్చింది. పిచ్చియ్య కళ్ళు తుడుచుకున్నాడు, దానికి సిగ్గుపడలేదు. కంపెనీ మనిషి స్కానర్‌తో వచ్చి వెతికాడు. చిప్ లేని మిషన్ అతని స్కానర్‌కి కనిపించనే లేదు.

"ఇక్కడ మిషనేమీ లేదని రాసుకుని వెళ్ళండి," అంది పరంజ్యోతి, ఆ మిషన్‌కే ఆనుకుని నిలబడి.

ఏడాది తిరిగేసరికి ఆటోనగర్ షెడ్లన్నీ తెరుచుకున్నాయి. అడిగిన ప్రతివాడికీ ఆమె చెవి కట్టడం నేర్పింది. వాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకుని, పిచ్చియ్యను ప్రెసిడెంటు చేశారు. ఒకరోజు ఆయన స్వీట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు.

"మేడమ్ గారూ, గుంటూరోళ్ళు కూడా చెవి కట్టుకుని గేర్లు కోస్తన్నారు. మనకన్నా చవగ్గా ఇచ్చేస్తన్నారు."

"మంచిదేగా."

"మంచిదేందండీ, మన బేరాలు పోతంటే? మీరు ఒక చిన్న చిప్ పెట్టండి. మన సంఘాన్ని అడక్కుండా ఏ మిషనూ తిరక్కూడదు."

పరంజ్యోతి ఆయన మొహంలోకి చూసింది. ఎక్కడా వేళాకోళం లేదు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"మొద్దు మోటారులో తాళం వేయడానికి చోటు లేదు."

"తెలుసండీ. అందుకే కంపెనీ వాళ్ళతో మాట్లాడొచ్చాం. తెలివైన మోటార్లు మన సంఘాన్ని అడిగి తిరిగేలా చేసి ఇస్తామన్నారు."

ఆమె స్వీట్ల పెట్టె ఆయన చేతికే తిరిగి ఇచ్చింది. నల్ల పెయింటు డబ్బా, కుంచె తీసుకుని వీధిలోకి వెళ్ళి, దారిన పోయేవాళ్ళెవరైనా చూసి కట్టుకునేలా, తన ఇంటి ప్రహరీ గోడ మీద చెవి సర్క్యూట్ మొత్తం గీసింది, ఏ తీగ ఎక్కడికో పేర్లతో సహా.

తెల్లారేసరికి గోడకి సున్నం కొట్టి ఉంది. ఆమె మళ్ళీ గీసింది. మర్నాడు మళ్ళీ సున్నం. మూడోసారి కుంచె పట్టుకునేసరికి పిచ్చియ్య సున్నం బకెట్‌తో ఎదురుగానే నిలబడ్డాడు.

"మీరు గీస్తా ఉంటే నేను కొడతానే ఉంటా మేడమ్ గారూ. ఏమనుకోమాకండి. బతకాలి గదా."

"కొట్టండి పిచ్చియ్య గారూ. కాకపోతే నేను గీయడం మాననని గుర్తుపెట్టుకోండి."

ఆమె గీయడం మొదలుపెట్టింది. రెండు పూతల సున్నం పడి గోడ తెల్లగా మెరుస్తోంది. రోడ్డు అవతల ఆగిన గుంటూరు బస్సులో వాళ్ళకి కూడా ఈసారి ఒక్కో గీతా స్పష్టంగా కనిపిస్తోంది.