పూల్ బల్ల కింద చెక్కముక్కలు

"ఇక నా వల్ల కాదు," అంటూ ఆయన కర్రను గోడకు ఆనించి, కుడిచెయ్యి జేబులో దాచుకున్నాడు. ఆకుపచ్చ గుడ్డమీద బంతి ఇంకా దొర్లుతూనే ఉంది... మూలనున్న రంధ్రందాకా వెళ్ళి, చివర్లో పక్కకు ఒరిగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ ఇల్లాలు అదంతా చూసింది. వారం రోజులుగా ఇదే తంతు.

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఆవగింజంత మరను పట్టకారుతో ఎత్తి కూర్చోబెట్టే చెయ్యి కిందటేడు వణకడం మొదలుపెట్టింది. దుకాణం మూతపడింది. "ఇక్కడితో ఆగితే భయంలేదు. పెరిగిందా, ఇక అది ఆగే జబ్బు కాదు," అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటినుంచీ ఆవిడకు కంటిమీద కునుకు లేదు. ఆయన గ్లాసు అందుకున్నా, చొక్కా గుండీ పెట్టుకున్నా ఆవిడ చూపంతా ఆ వేళ్ళమీదే... తండ్రి గోడలు చూస్తూ కూర్చోవడం భరించలేక కూతురు చిట్టి, మూసేస్తున్న ఒక క్లబ్బులోంచి ఈ పూల్ బల్ల కొనుక్కొచ్చింది. పడుచుతనంలో నాన్న ఆ ఆటలో మొనగాడట! గుడ్డ కింద రాతిపలక, ఏనుగంత బరువు. భోజనాలబల్ల వంటింట్లో ఇరుక్కుంది, ముందుగది మొత్తం దీని పాలైంది. అయినా ఆవిడ నోరెత్తలేదు. పైగా పొద్దున్నే గుడ్డను ఒకే వైపుకు బ్రష్‌తో దువ్వడం, ఎండ పడకుండా దుప్పటి కప్పడం, అంచుమీద కాఫీ కప్పు పెట్టినవాళ్ళమీద విరుచుకుపడటం. "నాకెప్పుడైనా ఇంత శ్రద్ధగా జడేశావా అమ్మా?" అని చిట్టి ఏడిపించేది. బంతులు టకటకా రంధ్రాల్లో పడుతుంటే ఆయన ముఖంలో కళ వచ్చింది, ఇల్లంతా తేలికపడింది.

ఇప్పుడు ఆ బంతులే దారి తప్పుతున్నాయి.

"పెరిగినట్టుందే," అన్నాడాయన, భార్య ముఖం చూడకుండా.

చిట్టి ఊరుకోలేదు. ఒక బంతిని బల్ల మధ్యలో పెట్టి వదిలేసింది. ఎవరూ తాకకుండానే అది మెల్లగా ఎడమవైపుకు దొర్లింది. చిట్టి వంగి చూసింది. "బల్ల వాలిపోయింది నాన్నా! బల్ల బిగించిన ఫిట్టరు మట్టం కోసం కాళ్ళకింద పెట్టిన చెక్కముక్కలేవి?"

ఆవిడ ముఖం పాలిపోయింది. "అవా... వాడు వదిలేసిపోయిన చెత్తనుకున్నానే. పోయినవారం మీ మామయ్య వస్తే మూలలు కాస్త ఎత్తించి లాగేశాను. ఊడ్చి పారేశాను కూడా." భర్తవైపు తిరిగింది. "వారంరోజులు మిమ్మల్ని ఏడిపించింది నేనేనండీ..."

ఆయన కోప్పడలేదు. పగలబడి నవ్వాడు. "నీ శుభ్రం తగలెయ్య! ప్రాణం లేచొచ్చిందే నాకు." తిట్టు తిని అంత సంతోషించడం ఆవిడ కాపురంలో అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుంటూ ముగ్గురికీ కాఫీ పెట్టింది.

మర్నాడు ఫిట్టరు వచ్చి, మట్టం చూసి, కొత్త చెక్కముక్కలు బిగించి వెళ్ళాడు. మధ్యలో పెట్టిన బంతి కదలకుండా నిలబడింది. ఆయన ఉత్సాహంగా చొక్కాచేతులు మడిచి కర్ర అందుకున్నాడు. మొదటి బంతి పడింది. రెండోది తప్పింది. మూడోదీ తప్పింది. ఈసారి బంతి ఎటూ ఒరగలేదు, కర్ర పంపినవైపే తిన్నగా పోయింది. వణికింది కర్ర కొస. అది ముగ్గురూ చూశారు.

ఆవిడ గబగబా బల్లకింద దూరింది. ఒక్కొక్క కాలూ తడిమింది, ఒక్కొక్క చెక్కముక్కనూ కదిపి చూసింది. ఏదో ఒకటి వదులుగా ఉంటే బాగుండును, ఈ తప్పుకూడా తనదే అయితే ఎంత బాగుండును... "ఇదిగో, ఇది కాస్త వదులుగా ఉన్నట్టుందండీ..."

ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "రా ఇవతలికి. బల్ల సరిగ్గానే ఉంది. నీ తప్పేం లేదు."

ఆ మాటకు ఆవిడ భోరుమంది. చిట్టి గోడవైపు తిరిగి నిలబడింది. ఆయన మాత్రం భార్యను లేవదీసి, కర్ర తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నువ్వు పట్టుకో. ఎక్కడ కొట్టాలో నేను చెబుతాను. కళ్ళింకా బాగానే ఉన్నాయిగా నాకు."

"గుడ్డ చిరుగుతుందేమోనండీ..." అంది ఆవిడ వెక్కుతూ.

"చిరగనీవే," అన్నాడాయన.