సూర్యం అడిగింది గంజి కాదు

"మారో... మత్ మారో..."

జ్వరంలో కలవరిస్తున్నాడు సూర్యం. అయ్యో, నా చిట్టితండ్రి మారు వడ్డించమంటున్నాడు కాబోలు అనుకుని, అచ్చియమ్మ ఆ మిట్టమధ్యాహ్నం మళ్లీ పొయ్యి రాజేసి గంజి కాచి తెచ్చింది. అది పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం. పాలకొండ వదిలి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కు వచ్చి రెండేళ్లయినా ఆమెకు హిందీ ఒంటబట్టలేదు. పదకొండేళ్ల కొడుక్కి మాత్రం ఫుట్‌బాల్ మైదానంలో ఆరు నెలల్లోనే వచ్చేసింది... కలవరింతలు కూడా హిందీలోనే!

పక్క క్వార్టర్ కనకం వచ్చి కాసేపు విని, నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఓలమ్మ! గంజి కాదే అచ్చియమ్మా! కొట్టొద్దు... కొట్టొద్దు అంతన్నాడే గుంటడు!"

అచ్చియమ్మ కొడుకు చొక్కా పైకి తీసింది. వీపంతా బెత్తం వాతలు! కొన్ని పాతవి, కొన్ని పచ్చివి... కొన్నాళ్లుగా తలుపు వేసుకుని తనే స్నానం చేస్తున్నాడు. పెద్దవాడవుతున్నాడని మురిసిపోయింది ఈ వెర్రితల్లి!

"ఎవరు నాయినా?"

"ఆట నేర్పే గురూజీ... గోల్ తప్పితే కొడతాడమ్మా. నీళ్లు కూడా ఇవ్వడు. అందర్నీ అంతే."

సాయంత్రం రైలింజన్ల షెడ్‌లో డ్యూటీ దిగి వచ్చిన భర్త శంకరరావు ఈ సంగతి విని ఆమె ముఖంకేసి చూడలేదు.

"త్రినాథరావు మాస్టారు కోపిష్టే. కానీ ఆట వత్తే రేపు వీడికి షెడ్‌లో పనిత్తారే. నువ్వు నోరెత్తకు."

"నోరెత్తకే ఇంతదాకా వచ్చింది!" అంది అచ్చియమ్మ.

జ్వరం తగ్గిన నాలుగో రోజు కొడుకు చెయ్యి పట్టుకుని మైదానానికి వెళ్లింది. అక్కడ రైల్వే ఆటల సంఘం కార్యదర్శి బంగార్రాజు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇదివరకు ఇద్దరు తండ్రులు మొర పెట్టుకుంటే, "అచ్ఛా, చూద్దాం" అని పంపేసిన మహానుభావుడు! పక్కనే త్రినాథరావు బెత్తం ఊపుతున్నాడు. కొడుకు వీపు మీది వాతల సంగతి అచ్చియమ్మ చెప్పింది.

"ఊరికే అంటే సరా? కుర్రాణ్ణి చొక్కా విప్పమను. అందరం చూస్తాం" అన్నాడు బంగార్రాజు.

సూర్యం తల్లి వెనక్కి తప్పుకున్నాడు.

"విప్పడు! సంతలో పశువు కాదు బావూ నా బిడ్డ, పదిమందీ తిప్పి చూడ్డానికి. కన్నతల్లిని నాను. చూసేను, చెప్తన్నాను. చాలదా?"

"చాలదు. సాక్ష్యం ఏది?"

"నేనున్నాను!"

భార్యను ఇంటికి లాక్కుపోదామని వచ్చిన శంకరరావు గొంతు అది.

"మూడు నెల్ల కితమే వీడు నాకు చెప్పేడు. మగపిల్లాడివి, ఓర్చుకోరా అని నేనే చెవి పట్టుకుని మళ్లీ ఇక్కడికి తెచ్చేను. రాసుకోండి, సంతకం పెడతాను. నా పని పోతే పోనీ!"

అచ్చియమ్మ భర్తకేసి తిరిగింది. అంటే... ఈయనకు తెలుసు! తెలిసీ ఊరుకున్నాడు! అంతలో షెడ్‌లో కూలిపని చేసే కలాసీ పోలయ్య ముందుకొచ్చి, "నా కొడుకు సంగతీ రాసుకోండి" అన్నాడు. ఆపైన మరో ఇద్దరు తండ్రులు. ఆ పూటే త్రినాథరావును మైదానం నుంచి పంపేశారు. ఇకమీదట రోజూ ఇద్దరు తల్లులు ఇక్కడ కూర్చుంటేనే ఆట సాగుతుందని అచ్చియమ్మ ఖండితంగా చెప్పింది. బంగార్రాజు అదీ రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో శంకరరావు, "నన్ను క్షమించవే..." అన్నాడు.

"నన్నడగొద్దు. దెబ్బలు తిన్నది నాను కాదు!"

అతడు రోడ్డు మీదే కొడుకు ముందు మోకాళ్లపై కూలబడ్డాడు. సూర్యం తండ్రి కళ్లలోకి చూశాడు.

"ఇంకోసారి ఏదైనా చెప్తే... వింటావా నానా?"