మగదిక్కు లేని ఇల్లు

అది శనివారం... సాయంసంధ్య!

బ్యాంకాక్‌కి ఉత్తరాన, నాన్ కొండల వెనుక సూర్యబింబం క్రుంగిపోతోంది. పసుపూ జేగురూ కలిసిన ఒకానొక వికృతకాంతి ఆకాశమంతా తడితడిగా అలముకొంది. దయ్యాలు తమ పసికందుల పొత్తిగుడ్డలు ఆరేసుకునే వేళ అంటారు దాన్ని. ఆ వేళ పిల్లల్ని వాకిట్లో ఉండనివ్వరు. బయటినుంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకరు.

దూరాన మేఘం గర్జించింది. టేకు కొమ్మ మీద వాలిన తెల్లమొహపు గూబ ఒకటి గొంతు చీరుకుపోయేలా అరిచింది! ఆ గూబ ఏ ఇంటిని చూసి అరిస్తే ఆ ఇంట్లోంచి పాడె లేస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. అది అవ్వ ఖంపెంగ్ ఇంటి కప్పునే చూస్తోంది.

ఆ ఇంటి మెట్ల కింద నిలబడి ఉన్నాడు... అచాన్ ఖ్లాయ్!

అచాన్ అంటే ఆచార్యుడు. ఆ మాటకి అంతకు మించిన అవమానం ఇంకెక్కడా జరిగి ఉండదు. నడుముకి నల్ల పంచె. ఛాతీ మీద కోరలు తెరిచిన పులులు, వీపున పాకే బల్లులు, మెడ చుట్టూ ప్రాచీన మంత్రాక్షరాలు... అసలు చర్మం కనపడనంతగా పచ్చబొట్లు! ఎడమచేతిలో ఒక స్త్రీ కపాలం. మెడలో బొటనవేలంత సీసా, అందులో చిక్కటి తైలం. నిండుచూలాలై మరణించిన ఒక అభాగ్యురాలి శవాన్ని వెలికితీసి, గడ్డం కింద కొవ్వొత్తి మంట పెట్టి, కారిన కొవ్వుని పట్టి దాచిన ప్రేతతైలం అది! ఆ కపాలం ఆమెదే. ఆమె ఆత్మ ఆ సీసాకి కట్టుబానిస.

"సాయిబువా..." అన్నాడు వాడు, ఉయ్యాల ఊపుతున్నంత మెత్తగా. "చీకటి పడుతోంది తల్లీ... ఇలా రా..."

పైన గదిలో ఒక పిల్ల చాప మీద నుంచి లేచి కూర్చుంది. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో నల్లగుడ్లు మాత్రం లేవు!

మొన్న మొన్నటిదాకా ఆ కళ్ళు ఎంత నవ్వేవో! సాయిబువా, ఫ్రిక్ ఇద్దరూ బ్యాంకాక్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే స్నేహితురాళ్ళు. ఫ్రిక్ అంటే మిరపకాయ. కన్నతల్లి ఆ పేరు ఊరికే పెట్టలేదు. వానలు మొదలయ్యేలోపు సెలవు పెట్టి, వీపున చెరో సంచీ తగిలించుకుని, ముందు దక్షిణాన దీవులు, ఆపైన ఉత్తరాన కొండలు, ఆఖరికి సాయిబువా అమ్మమ్మ ఊరు అని బయలుదేరారు. పడవలెక్కారు, సముద్రంలో మునిగారు, ఎండకి మాడారు, ఇసుకలో కూర్చుని కాల్చిన చేపలు తిన్నారు. ఒక దీవిలో, రబ్బరు తోట మధ్య గుడిసెలో, యాత్రికులకి పచ్చబొట్లు పొడిచే అచాన్ ఖ్లాయ్ తగిలాడు.

"ప్రయాణానికి రక్ష పెట్టండి గురువుగారూ," అని చేతులు జోడించింది సాయిబువా.

"ఏ వారం పుట్టావు తల్లీ?"

"శనివారమండీ."

వాడి కళ్ళు వెలిగాయి. చేత్తో తాకనైనా తాకలేదు. మల్లెకాడని సీసాలో ముంచి, ఆమె చెవి వెనుక రాశాడు. దక్షిణ వద్దన్నాడు.

"ఊరకే ఇస్తున్నాడంటే ఏదో ఉందే," అని గొణిగింది ఫ్రిక్.

"నీకు అందరి మీదా అనుమానమే," అని నవ్వేసింది సాయిబువా.

అప్పటినుంచే మొదలైంది... ఉత్తరాదికి పోయే రైల్లో సాయిబువా మరెవరి గొంతుతోనో జోలపాట పాడింది. చియాంగ్ మాయ్ సంతలో పచ్చి బాతుగుడ్లు పెంకులతో సహా నమిలింది. కిందటి శనివారం కొండదారిలో, పొద్దు గూకే వేళ, లోయ అంచుకి నడిచిపోయి ఒక కాలు గాలిలో పెట్టింది! ఫ్రిక్ జుట్టు పట్టి వెనక్కి లాగింది. ఆపైన సంచీ పట్టీ ఊడదీసి, తన మణికట్టుకీ ఆమె మణికట్టుకీ కలిపి ముడేసుకుని నడిచింది. ఎక్కడ బండి దిగినా అచాన్ ఖ్లాయ్ ఎదురుగా ఉండేవాడు. దాక్కునేవాడు కాదు, పైగా నవ్వేవాడు.

"ఏంటయ్యా, మా వెంటపడుతున్నావ్? పోలీసుల్ని పిలవనా?" అని ఒకచోట మీదికి వెళ్ళింది ఫ్రిక్.

"పిలువమ్మా. శనివారం దాకా నాకూ పనేం లేదు. శనివారం చచ్చి మంగళవారం మట్టిలో కలిసిన ఆడది ఎంత దయ్యమవుతుందో తెలుసా నీకు? అందులోనూ ఇది శనివారం పుట్టిన పిల్ల!" వాడు కపాలాన్ని వేలితో టకటకా కొట్టాడు. "ఈ పాతది అరిగిపోయింది. కొత్తది కావాలి."

ఆ మాటే తెచ్చి సాయిబువా అమ్మమ్మ, అవ్వ ఖంపెంగ్ ముందు పెట్టింది ఫ్రిక్, ఏడుస్తూ, తిడుతూ. నడుము వంగిపోయి నేలని చూస్తూ నడిచే ముసలిది అవ్వ. పులియబెట్టిన తేయాకు బుగ్గన పెట్టుకుని అంతా వింది. తర్వాత గదిలోకి పోయి, తూర్పుగోడకున్న అర ముందు కూర్చుంది. అరలో పూలు, పేలాలు, ఒక నీళ్ళ ముంత. ఆ ఇంటి పెద్దలుండే చోటు అది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి సంక్రమించే పెద్దలు... అందరూ ఆడవాళ్ళే!

"అమ్మల్లారా, మన పిల్ల వచ్చింది. దాని ఒంట్లో ఎవరో ఉన్నారు. పక్కనున్నది దాని స్నేహితురాలు. గురక పెడుతుందట, కాస్త ఓర్చుకోండి."

"అమ్మమ్మా! ఇప్పుడా పరాచికాలు?"

"ఇంట్లో పడుకునేవాళ్ళ గురించి చెప్పాలే. చెప్పకపోతే వాళ్ళకి కోపం." అవ్వ ఫ్రిక్ చెయ్యి పట్టుకుంది. "జాగ్రత్తగా విను. పరాయి మగాడు మమ్మల్ని అడక్కుండా ఈ గది గడప దాటి, మా పిల్లని తాకితే అది తప్పు. అప్పుడు వీళ్ళు లేస్తారు. బయట నిలబడి వాడు ఎన్ని మంత్రాలు చదివినా వీళ్ళకి పట్టదు. పిల్ల తన కాళ్ళతో తాను గడప దాటిందనుకో... ఇక వీళ్ళ చేతిలో ఏమీ లేదు."

"అంటే వాడు లోపలికి రావాలి. ఇది బయటికి పోకూడదు."

"అంతే."

"వాడు రాకపోతే?"

అవ్వ అర వైపు తిరిగి మళ్ళీ చేతులు జోడించింది.

ఇప్పుడు ఆ శనివారం రానే వచ్చింది. సూర్యుడు అస్తమించి శనివారం ముగిసేలోపు సాయిబువా గడప దాటితే చాలు. గది ముందు వసారా, వసారా అంచున చూస్తే కళ్ళు తిరిగే లోయ!

అచాన్ ఖ్లాయ్ వాకిట్లో నేలదేవతకి కట్టిన చిన్న గూటి ముందు ఎర్ర సోడా సీసా, బియ్యపు సారా పెట్టాడు. నేలని కాచే దేవతకి లంచం ముట్టింది. ఇక తనకి అడ్డేముందని మెట్లెక్కాడు.

"ముసల్దీ! మగదిక్కు లేని ఇల్లు నీది! నన్ను ఆపేవాడెవడే?" వాడి వికటాట్టహాసానికి వసారా చెక్కలు కంపించాయి. "సాయిబువా... రా... నా వెంట రా!"

మంత్రం మొదలైంది. కపాలపు కంటిగుంటల్లో నీలినిప్పు రాజుకుంది! ఫ్రిక్ మణికట్టుకున్న పట్టీ పటుక్కున తెగిపోయింది. ఆమె రెండు చేతులా సాయిబువా నడుము వాటేసుకుంది.

"ఒసేయ్! కాలు బయట పెట్టావంటే విరగ్గొడతా! ఆగవే... నీకు దణ్ణం పెడతా ఆగవే!"

ఆగలేదు. పదిమంది బలం పూనినట్టు ఫ్రిక్‌ని ఈడ్చుకుంటూ నడిచింది సాయిబువా. అవ్వ కాళ్ళు పట్టుకుంది. అవ్వనీ ఈడ్చింది. ఒక పాదం గడప మీద పడింది. కొండ మీద సూర్యుడు గోరంత మిగిలాడు...

వాడు రావడం లేదు. వాడికి వచ్చే అవసరమే లేదు! ఆ సంగతి ఫ్రిక్‌కి అర్థమైంది. ఇన్నాళ్ళూ పట్టుకున్న స్నేహితురాలిని వదలాలంటే ప్రాణం పోతున్నట్టే ఉంది. అయినా చేతులు వదిలేసింది. ఒక్క గెంతులో వసారాలోకి వచ్చిపడింది.

వసారాలో తాడు మీద అవ్వ కట్టి విడిచిన పాత లుంగీ ఆరుతోంది. ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే ఆ గుడ్డ కింద నుంచి ఆ దేశంలో మామూలు మగవాడే నడవడు. మంత్రాలు, తాయెత్తులు అన్నీ చల్లారిపోతాయని భయం. ఒంటినిండా మంత్రాలు పొడిపించుకున్నవాడి సంగతి ఇక చెప్పాలా!

"ఏవయ్యో ఆచార్యుడూ! సముద్రం దాటి ఇంత దూరం వచ్చావ్! ఒక ఆడపిల్లని పిలవడానికి నీకు చచ్చినదాని పుర్రె కావాల్సి వచ్చిందా? సొంతంగా ఏమీ చేతకాదా?"

"నోర్ముయ్! నీ నాలుక కోసి కాకులకేస్తా!"

"వేద్దువులే. ముందు ఇది కట్టుకో! మగదిక్కు లేదన్నావుగా, నీ దగ్గరా లేనట్టే ఉంది!"

తాడు మీది లుంగీ లాగి విసిరింది ఫ్రిక్. అది గాల్లో విచ్చుకుని... వాడి తల మీద, చేతిలోని కపాలం మీద కప్పేసింది!

మంత్రం సగంలో తెగిపోయింది. గడప మీద పాదం మోపిన సాయిబువా ఒక్క క్షణం తెలివొచ్చినట్టు రెప్పలాడించి, తూలి, వెనక్కి గదిలోకి పడింది.

గుడ్డ పీకి పారేసిన అచాన్ ఖ్లాయ్ ముఖం చూడశక్యం కాలేదు! గురువుల సాక్షిగా చేసిన దీక్ష... ఒక పొగరుబోతు పిల్ల చేతిలో ఇంత పరాభవమా! పళ్ళు పటపటలాడించి ఫ్రిక్ మూతి మీద గుద్దాడు. ఆమె గడప పక్కన కూలబడింది. పొద్దు వాలిపోతోంది. మళ్ళీ మంత్రం ఎత్తుకునే వ్యవధి లేదు, వాడికి ఓపికా లేదు. రంకెలేస్తూ గడప దాటాడు. సాయిబువా మణికట్టు పట్టుకుని ఈడ్చాడు.

గాలి ఆగిపోయింది... ఉరుము ఆగిపోయింది... కొమ్మ మీది గూబ రెక్కలు టపటపలాడిస్తూ పారిపోయింది!

అరలోని నీళ్ళ ముంత దానంతటదే సలసల మరిగింది. నేల మీద పడి ఉన్న అవ్వ ఖంపెంగ్ లేచింది. ఏళ్ళ తరబడి వంగిన ఆ నడుము నిటారుగా నిలిచింది! ఆమె నోరు తెరిస్తే ఒక్క కంఠం కాదు, ఎన్ని తరాల ఆడవాళ్ళో ఒకేసారి పలికారు.

"ఎవడ్రా నువ్వు? ఎవరిని అడిగి వచ్చావు? మా పిల్ల చెయ్యి వదులు. మోకాళ్ళ మీద కూర్చుని తప్పు ఒప్పుకో. పోనిస్తాం."

వాళ్ళడిగింది అంతే. మోకాళ్ళు వంచి ఉంటే వాడు బతికేవాడు.

"ఆడదయ్యాలకి నేను మొక్కాలా? నేనా?" కపాలాన్ని పైకెత్తాడు వాడు. "లేవే! ఈ ముసల్దాన్ని చంపు! అందరినీ చంపు!"

సాయిబువా శరీరం విలవిల్లాడింది. ఆమెలోంచి పొగలా వెలువడి, తడిజుట్టు విరబోసుకుని, నిండుగర్భంతో నిలబడింది ఒక ప్రేతం! ఫ్రిక్ కళ్ళారా చూసింది. ఆ ప్రేతం అవ్వ వైపు చూసింది. తర్వాత తన యజమాని వైపు చూసింది. కదల్లేదు.

"చెప్పింది వినపడలేదా నీకు?" అని గర్జించాడు వాడు.

"వినపడింది," అంది ప్రేతం. "చెయ్యను."

సీసా ఫెటిల్లున పగిలింది! ఆ క్షణంలోనే వాడి ఛాతీ మీది పులులు కదిలాయి. ఇంతకాలం బయటికి చూసిన కోరలు లోపలికి తిరిగాయి. వీపు మీది బల్లులు బిలబిలమంటూ చర్మం కిందికి దూరాయి. మెడ చుట్టూ ఉన్న అక్షరాలు ఉచ్చులా బిగుసుకున్నాయి! "అమ్మా..." అని కేక పెట్టాడు అచాన్ ఖ్లాయ్. ఆ ఇంట్లో ఆ పిలుపుకి పలికే అమ్మలు ఎందరో ఉన్నారు. ఎవరూ పలకలేదు. వాడు తన ఒంటిని తానే గీరుకుంటూ, గిరగిరా తిరుగుతూ, కపాలాన్ని వసారాలో జారవిడిచి... పెను ఆక్రందనతో లోయలోకి జారిపోయాడు! సూర్యుడు క్రుంగాడు.

వాన మొదలైంది. సాయిబువా కళ్ళు తెరిచింది. నల్లగుడ్లు తిరిగొచ్చాయి.

"ఫ్రిక్, నీ మూతేంటే అలా వాచింది?"

ఫ్రిక్ గడపలోనే కూర్చుని, కాళ్ళు అడ్డంగా చాపి, ఆమెని పట్టుకుని భోరున ఏడ్చింది. మళ్ళీ నడుము వంగిపోయిన అవ్వ ఆయాసపడుతూ వచ్చి పక్కన చతికిలబడింది. అప్పుడు చూశారు ముగ్గురూ... గదిలోంచి బయటికి పోయి వసారా చివర నిలబడి ఉంది ఆ ప్రేతం. కాళ్ళ దగ్గర ఆమె కపాలం. వాన ఆమెలోంచి పడుతోంది.

"ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగింది అవ్వ.

"గుర్తులేదు."

"మీ అమ్మ పేరేంటి?"

"గుర్తులేదు. వాడు తీసేశాడు."

అవ్వ వెనక్కి తిరిగి అర వైపు చాలాసేపు చూసింది. ముంతలో నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి.

"అమ్మలు కాదంటే ఈపాటికి ముంత దొర్లేది," అంది. "పొద్దున్నే గుడికి తీసుకెళ్ళి దహనం చేయిద్దాం. ఈ రాత్రికి ఇక్కడే ఉండనీ."

ప్రేతం మాత్రం అడుగు వేయలేదు. "పిలవకుండా గడప దాటకూడదన్నారుగా," అంది, వణుకుతూ.

ఫ్రిక్ పెదవి మీది నెత్తురు తుడుచుకుంది. ఆ గడపకి అడ్డంగా చాపిన కాళ్ళు వెనక్కి ముడుచుకుంది.

"పిలుస్తున్నాగా. లోపలికి రావే, తడుస్తున్నావ్."