శాలువా మీద మైనపు బొట్టు

మా లాండ్రీలో అక్క పెట్టిన నియమం ఒక్కటే. గిరాకీల బట్టలు మన ఒంటికి తగలకూడదు. ఆ నియమం నేను తప్పాను. చెప్పుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను గానీ, చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు.

టీచరమ్మగారి వాళ్ళమ్మ పోయి నెలైంది. ఆవిడ కప్పుకునే బూడిదరంగు శాలువాను శుభ్రం చేయమని టీచరమ్మ మా కొట్టులో ఇచ్చారు. "జాగ్రత్తండీ. అమ్మవి ఇదొక్కటే ఉంచుకున్నాను" అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. మర్నాడు సాయంత్రం స్నేహితురాలి పుట్టినరోజుకి అదే కప్పుకుని వెళ్ళాను. అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా, సిగ్గులేనిదాన్ని. అక్కడ కరెంటు పోయింది. వెనక ఎవరో కొవ్వొత్తి పట్టుకుని వంగారు. నా ఎడమ భుజం మీద ఒక్క బొట్టు పడింది.

తెల్లారాక ముసురు. టీచరమ్మ ఐదింటికి వస్తారు. మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్ళగానే పని మొదలుపెట్టాను.

మైనం తీయడం నాకు కొత్త కాదు. ఐసు ముక్కను సంచిలో చుట్టి బొట్టు మీద పెట్టాను. గట్టిపడ్డాక చెంచా అంచుతో పెచ్చులా లేపాను. మిగిలిన మరక కింద ఒక మందపాటి కాగితం, పైన ఇంకో కాగితం వేసి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె అద్దాను. మైనం కరిగి కాగితానికి పట్టేస్తుంది. కాగితానికి మచ్చ అంటడం ఆగేదాకా కాగితాలు మారుస్తూ ఉండాలి. ఒక్క బొట్టుకి మూడు కాగితాలు చాలు.

మూడోది తీసి చూశాను. మచ్చ పెద్దదైంది.

నాలుగోది... ఐదోది...

ఆర్పిన ఒత్తి వాసన గదంతా కమ్ముకుంది. వాన చప్పుడు కూడా దూరమైపోయింది. ఏడో కాగితాన్ని బల్బు కింద పట్టుకున్నాను. ఐదు జిడ్డు మచ్చలు. నాలుగు పక్కపక్కన, ఒకటి కాస్త కిందగా. నా వేళ్ళు వాటి మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయాయి... ఎవరో భుజం పట్టుకున్నట్టు.

"ఎందుకే అలా వణుకుతున్నావ్?" గుమ్మంలో అక్క.

"ఏం లేదక్కా... చలి." అబద్ధం కూడా ఆడాను.

ఎనిమిదో కాగితం శుభ్రంగా వచ్చింది.

ఐదింటికి టీచరమ్మ వచ్చారు. శాలువాను ముఖానికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు. ఇక నా వల్ల కాలేదు. అక్క వినకుండా గుసగుసగా చెప్పేశాను.

"తప్పు చేశానండీ. నిన్న ఇది నేను కప్పుకుని బయటికి వెళ్ళాను. మైనం పడితే తీశాను. క్షమించండి."

నాలుగు తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"నిన్న మా వీధిలో వెళ్ళింది మీరేనా?"

"అవునండీ."

"వెనకనించి చూసి, అమ్మా అని పిలిచాను. తిరిగి చూశారు..." ఆమె గొంతు తగ్గించారు. "ముఖం అమ్మదే."

నాకు ఏ పిలుపూ వినపడలేదు. నేనెక్కడా వెనక్కి తిరగలేదు. ఆ మాటే చెప్పబోయాను. ఆమె శాలువాను నా చేతుల్లో పెట్టేశారు.

"ఇంకొక్కసారి... మా ఇంటి ముందునించి ఇప్పుడే వెళ్ళరూ? నేను మా గుమ్మంలో నిలబడతాను."

అడక్కుండా కప్పుకున్నదాన్ని, అడిగితే కాదనడానికి నాకు ముఖం ఏది?

సన్నగా తుంపర పడుతోంది. శాలువా కప్పుకుని, తల వంచుకుని, వాళ్ళింటి ముందునించి నడిచాను. దాటేస్తే చాలు. ఇంకో నాలుగడుగులు... మూడు...

"అమ్మా!"

తిరగకూడదనుకున్నాను. మెడ దానంతటదే తిరిగింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తడుస్తున్నావు, లోపలికి పో, పిచ్చుకా" అన్నాను.

టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని గుమ్మంలో కూలబడిపోయారు. గొంతు నాదే. ఆ ముద్దుపేరు మాత్రం నాకెవరూ చెప్పలేదు.