బోర్లా అంటించిన కాగితం

ఉదయం ఏడుంపావుకు ఆళ్లగడ్డ బస్టాండులో లాల్ సాహెబ్‌ను కాల్చి చంపేశారు. పైకి రిటైరైన లెక్కల మాస్టారు. నిజానికి డిపార్ట్‌మెంట్‌కు కోడ్‌లు విప్పే మనిషి. ఏజెంట్ జాన్‌కూ, ఏజెంట్ అంజలికీ పాఠం చెప్పిందీ, ఇద్దరికీ పెళ్లి కుదిర్చిందీ ఆయనే.

ఎనిమిదింటికి చీఫ్ కమలాక్షమ్మ ఫోన్.

"ఏడుపు తర్వాత, జాన్. పదకొండింటికి నంద్యాలలో విత్తనాల సదస్సు. నలభై మంది సైంటిస్టులు. ఒక ఫారిన్ ముఠా వాళ్లమీద కన్నేసింది. మాస్టారు నిన్న ఆళ్లగడ్డలోనే ఒక శిల్పిని కలిశాడు. వెళ్లు. అంజలి ఏది?"

"ఫోన్ ఎత్తడం లేదు మేడమ్."

గ్రానైట్ బ్రోకర్ వేషంలో జాన్ శిల్పి సంజీవయ్య దగ్గరికి వెళ్లాడు. మాస్టారి పేరు వినగానే ముసలాయన ఉలి కింద పెట్టాడు.

"నిన్న ఈడనే కూచున్యాడప్పా. సదస్సుకు పంపిన స్తంభం గురించి అడిగినాడు. లోపల బోలుగా తొలచమన్యారు. పైన ఎనిమిది పూలు. కొన్ని విచ్చినవి, కొన్ని మొగ్గలు. కాగితం మీద గీసిచ్చినారు."

"అట్లే చెక్కినావా?"

"కాగితం బోర్లా అంటించినా. కుడిది ఎడమకొచ్చె. వాళ్లు చూసుకోలే. అది చెప్తానే మాస్టారు ఎవరికో ఫోన్ చేసినాడు. 'అంజలీ, పొద్దున్నే బస్సుకొస్తాండా, వచ్చి చెప్తా' అన్యాడు."

మాస్టారు ఏ బస్సుకు వస్తాడో తెలిసింది ఒక్క అంజలికే. జాన్ కారు వైపు పరుగెత్తాడు.

కారులోంచి చీఫ్‌కు చెప్పాడు. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డం వచ్చాయి. హాలు చేరేసరికి పదకొండుకు రెండు నిమిషాలు. హాలు ఖాళీ చేయిస్తుంటే సైంటిస్టులు ఇంకా మెట్లమీదే తోసుకుంటున్నారు.

లోపల స్తంభం పక్కన ఆకుపచ్చ పట్టుచీరలో అంజలి. కుడిచెయ్యి రాతి గూటిలో ఉంది.

"లోపల రహస్యంగా వినే మైకు ఉందన్నారు జాన్. చెయ్యి పెడితే ఆన్ అవుతుందన్నారు. టైమర్ మొదలైంది."

"చెయ్యి తీస్తే?"

"లోపలున్న బాంబు పేలుతుంది. టైమ్ అయిపోయినా పేలుతుంది."

మాస్టారి మొదటి పాఠం అదే. 'లేదా' అంటే రెండిట్లో ఏ ఒక్కటి నిజమైనా చాలు. ఆగాలంటే రెండూ అబద్ధం కావాలి. ఆ పని చేసే నంబరు కొట్టాల్సిన కీప్యాడ్ స్తంభం అవతలివైపు ఉంది. ఆమెకు అందదు. కొట్టే అవకాశం ఒక్కసారే.

ఆ నంబరు పైన చెక్కిన ఎనిమిది పూలలోనే ఉంది. ఎడమనుంచి మొగ్గ, పువ్వు, మొగ్గ, మొగ్గ, పువ్వు, పువ్వు, మొగ్గ, పువ్వు. మొగ్గ సున్నా, పువ్వు ఒకటి.

"డెబ్బై ఏడు," అంది అంజలి. "కుడి చివర ఒకటి, దాని పక్కన రెండు, నాలుగు, ఎనిమిది... అట్లా రెట్టింపు. పువ్వులున్నచోటివి కూడితే డెబ్బై ఏడే. నన్ను నమ్ము."

"మాస్టారి బస్సు సంగతి వాళ్లకు చెప్పింది నువ్వేనా?"

ఆమె కళ్లు దించుకుంది. "చంపుతారని తెలీదు జాన్."

ఇరవై సెకన్లు. కాగితం బోర్లా పడితే వరుస తిరగబడుతుంది. జాన్ ఎడమనుంచి మొదలుపెట్టాడు. రెండు, పదహారు, ముప్పై రెండు, నూట ఇరవై ఎనిమిది. కూడాడు. నూట డెబ్బై ఎనిమిది.

"జాన్, అది కాదు."

కొట్టాడు. టైమర్ రెండు దగ్గర ఆగిపోయింది.

అంజలి చెయ్యి బయటికి తీసింది. నిశ్చితార్థపు ఉంగరం వేలికే ఉంది.

"నేను అబద్ధం చెప్పలేదు," అంది.

"తెలుసు. అయినా నమ్మలేకపోయాను."

ఆ చేతికి తనే బేడీలు వేశాడు. జీపు ఎక్కేటప్పుడు ఆమె వెనక్కి చూసింది. అతను మాత్రం నేలచూపులు చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం మాస్టారిని మట్టిచేసి వచ్చాక చీఫ్ మళ్లీ ఫోన్ చేసింది. "బాగా చేశావు జాన్. కొన్నాళ్లు సెలవు పెట్టుకో. నేను శాంక్షన్ చేస్తా."

"అక్కర్లేదు మేడమ్," అన్నాడు జాన్. "వచ్చే సోమవారం నుంచి పది రోజులు ఆల్రెడీ శాంక్షన్ అయింది. కారణం దగ్గర 'పెళ్లి' అని ఉంది. అదొక్కటి కొట్టేయండి చాలు."