గంటకి ఒక్క డిగ్రీ

"మా పెద్దాయనకి ఊపిరాడటం లేదండీ! నోరు తెరుచుకుని కొట్టుకుంటున్నాడు. కూలింగ్ ఆగిపోయింది. తొందరగా రండి, మీకు పుణ్యముంటుంది!"

ఫోన్లో ఈ మాటలు వినగానే ఫ్రిజ్ మెకానిక్ తింటున్న ప్లేటు అక్కడే వదిలేసి బయల్దేరాడు. ఏసీ చెడిపోయిన ఇంట్లో ఎవరో ముసలాయన ఉక్కపోతకి అల్లాడిపోతున్నాడని అతని ఊహ. తీరా వెళితే ఆ బిల్డింగులో లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. టూల్ బ్యాగు భుజాన వేసుకుని నాలుగంతస్తులూ పరిగెత్తాడు. తలుపు తీసిన అమ్మాయికి ముందుగా కనిపించింది అతని మొహం కాదు, బయటికి వేలాడుతున్న నాలుక.

"ఆయన... ఎక్కడ?"

"హాల్లో. రండి రండి."

"అంబులెన్స్‌కి చెప్పారా?"

"దేనికి?"

"పెద్దాయనకి!"

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, గోడ పొడుగునా ఉన్న అక్వేరియం వైపు చెయ్యి చూపించింది. నీళ్ళ పైకి తేలి, నారింజ రంగు మీద తెల్లచారలున్న వేలెడంత చేప ఒకటి ఆయాసపడుతోంది. పక్కనే దాని జంట చేప, ఇంకా చిన్నది.

"అదిగో, పెద్దాయన."

మెకానిక్ చేప వంక చూశాడు. అమ్మాయి వంక చూశాడు. ఎక్కొచ్చిన మెట్లన్నీ ఒక్కసారి తలుచుకున్నాడు.

"అమ్మా, నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి. ఫ్రిజ్‌లో పెట్టిన చేపలు తప్ప వేరే చేపలతో నాకు పరిచయం లేదు."

"నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కూడా ఫ్రిజ్ లాంటిదేగా! అక్వేరియం షాపువాడు పొద్దుట్నించీ ఫోనెత్తట్లేదు. ఇది సముద్రపు నీళ్ళ ట్యాంకు. ఇరవై ఆరు డిగ్రీలుండాలి, ఇప్పుడు ముప్ఫై ఒకటీ పాయింట్ నాలుగు. ఇవి చచ్చిపోతే మా నాన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. తండ్రి కంటి ఆపరేషన్‌కి అత్తయ్య వాళ్ళింటికి వెళ్తూ, పదకొండు పేజీల నోటుబుక్కులో జాగ్రత్తలన్నీ రాసి, ట్యాంకుని కూతురి చేతుల్లో పెట్టాడు. వెళ్ళి ఇంకా నాలుగు రోజులే అయింది.

వచ్చాక ఏదో ఒకటి చెయ్యాలి కదా అని మెకానిక్ చుట్టూ చూశాడు. ఆమె ముందే తెచ్చిపెట్టుకున్న ఐస్ ముక్కల గిన్నె కనిపించింది. రెండు గుప్పిళ్ళు తీసుకుని ట్యాంకులోకి వంచబోయాడు. చెయ్యి మీద ఫెడీమని ఒకటి పడింది.

"ఐస్ కరిగితే ఉప్పు తగ్గిపోదూ? బాటిల్స్‌లో పోసి మూత బిగించాలి!"

"కొట్టేముందు చెప్పొచ్చుగా!"

"చెప్పేలోపు వేసేసేవాళ్ళు!"

ఐస్ బాటిళ్ళు రెండు నీళ్ళలో తేల్చారు. ట్యాంకు లైట్లు ఆపారు, మూత తీశారు. మెకానిక్ టేబుల్ ఫ్యాన్ తెచ్చి నీళ్ళ మీదికి తిప్పాడు. గాలి బుడగల మోటారు జోరు పెంచారు. తర్వాత కింద అలమారా తలుపు తెరిచాడు. వేడి సెగ మొహాన కొట్టింది. లోపల చిన్న సూట్‌కేసంత చిల్లర్ గుర్రుగుర్రుమంటోంది. దాని గాలి కంతలకి అడ్డంగా ఒక టర్కీ టవలు కుక్కి ఉంది.

"ఇదెవరు పెట్టారండీ?"

టీచరు తేలు కుట్టిన దొంగలా గోడగడియారం వంక చూసింది.

"ఏమో. మా నాన్నే పెట్టుంటారు."

"మరి దీని మీద ఎర్ర సిరా మరకలున్నాయే?"

డైనింగ్ టేబుల్ మీద పరీక్ష పేపర్ల కట్ట, పక్కన ఎర్ర పెన్ను. ఆమె ఇక దాచలేకపోయింది.

"దాని సొదకి పేపర్లు దిద్దలేకపోతున్నానండీ. నిన్న సాయంత్రం పెట్టాను. కాసేపే అనుకుని మర్చిపోయాను."

"మీ ముక్కూ నోరూ టవలుతో మూసేసి, మేడ మెట్లెక్కమంటే ఎలా ఉంటుంది?"

"సర్లెండి, క్లాసు పీకకండి. అది నా పని."

అతను నవ్వాపుకుంటూ టవలు లాగేసి, దుమ్ము పట్టిన జాలీ బ్రష్‌తో తోమాడు. బిగుసుకుపోయిన ఫ్యాన్ విప్పి నూనె వేసి తిప్పాడు. పది నిమిషాల్లో చిల్లర్ చల్లగా పాట అందుకుంది. మెకానిక్ లేచి, బహుమతి అందుకోబోయేవాడిలా నిలబడ్డాడు.

అరగంట గడిచింది. థర్మామీటరు ముప్ఫై ఒకటీ పాయింట్ ఎనిమిది చూపించింది.

"తగ్గడం మాట దేవుడెరుగు, పెరిగిందండీ!" అందామె. "మీరు నిజంగా మెకానిక్కేనా?"

"చిల్లర్ బ్రహ్మాండంగా ఉంది. మీ థర్మామీటరే తప్పు."

"రెండు పెట్టాను. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. మీరొక్కరే వేరే చెబుతున్నారు."

అతను తల గోక్కున్నాడు. ఇంతలో ఆమె ట్యాంకు మూలకి వంగి, "ఆ ఎర్ర లైటు ఎందుకు వెలుగుతోంది? అది హీటరు. చలికాలంలో తప్ప వెలగకూడదే!" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హీటరు లోపలి స్విచ్చు అతుక్కుపోయి ఆగకుండా కాలిపోతోంది. ఒక పక్క చిల్లర్ చల్లబరుస్తుంటే, ఇంకో పక్క ఇది కాచిపోస్తోంది. మెకానిక్ ప్లగ్గు పీకి, ఆ ఊపులోనే గాజు హీటర్ని బయటికి లాగి, పక్కనున్న ఐస్ గిన్నెలో పడేశాడు.

టప్‌మని నిలువునా పగిలింది.

"వేడి గాజుని ఐస్‌లో పెడతారా ఎవరైనా? ఆరో క్లాసు పిల్లల్ని అడిగినా చెబుతారు!"

"కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అని ఒప్పుకున్నాడతను.

ఆమె కోపంగా ఉండాలనే చూసింది. అతని మొహంలో దిగులు చూసేసరికి నవ్వొచ్చేసింది. ఆ నవ్వు చూశాక, ఇంకో హీటరు ఉంటే అదీ పగలగొట్టాలనిపించింది మెకానిక్‌కి.

ఇక వేడి తగ్గడం మొదలైంది. అయితే నోటుబుక్కు ఏడో పేజీలో తండ్రి పెద్దక్షరాలతో రాశాడు: ఎంత వేడెక్కినా గంటకి ఒక్క డిగ్రీ కంటే దించకూడదు, చేపలు తట్టుకోలేవు. అంటే ఎంత లేదన్నా సాయంత్రం దాకా ఒకళ్ళు కనిపెట్టుకుని ఉండాలి.

"మీరు వెళ్ళండి. నేను చూసుకుంటాను," అందామె.

"మళ్ళీ టవలు పెడితే? నేనుంటాను."

ఫ్రీజర్ చెడిన ఐస్‌క్రీమ్ షాపాయన ఒకడు అతనికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "అన్నా, మీ ఐస్‌క్రీమ్ కరిగితే మళ్ళీ గడ్డకడుతుంది. ఇక్కడ పెద్దాయన సంగతి అట్లా కాదు," అని పెట్టేశాడు మెకానిక్.

ఆమె ప్రతి పావుగంటకీ టెంపరేచర్ రాసింది. అతను ఐస్ బాటిళ్ళు మార్చాడు. మధ్యలో ఆమె పేపర్లు దిద్దుతుంటే, అతను మార్కులు కూడి పెట్టాడు.

"ఇరవై ఏడూ, ఎనిమిదీ ముప్ఫై ఆరా?" అందామె.

"పాపం, కుర్రాడు బాగా కష్టపడ్డాడండీ. ఒకటి వేశాను."

మూడు గంటలకి రాయి వెనక చారల రొయ్య ఒకటి కదలకుండా పడి ఉండటం ఆమె చూసింది. చిన్న వలతో తీసి అరచేతిలో పెట్టుకుంది.

"చేతిని ట్యాంకులో పెడితే వచ్చి గోళ్ళు శుభ్రం చేసేది," అంది మెల్లగా. కళ్ళు నిండాయి. "నేను చంపేశానండీ దీన్ని."

మెకానిక్ నోటిదాకా వచ్చిన జోకు మింగేశాడు. తన జేబురుమాలు ఇచ్చాడు. దాని నిండా గ్రీజు. ఆమె దానితోనే కళ్ళు తుడుచుకుంది. ముక్కు మీద నల్లటి చార పడింది. అతను చెప్పలేదు. ముద్దుగా ఉంది మరి.

నాలుగింటికి తండ్రి ఫోన్ చేస్తే ఆమె స్పీకర్లో పెట్టింది. "ఏమ్మా, మన వాళ్ళెట్లా ఉన్నారు?"

ఆమె తడబడింది. మెకానిక్ ఫోన్ అందుకున్నాడు. "సార్, నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. ట్యాంకు వేడెక్కింది. హీటరు పగలగొట్టింది నేనే. రొయ్య పోయింది కూడా నా ఆలస్యం వల్లే..."

టీచరు ఫోన్ లాక్కుంది. "అబద్ధం నాన్నా! టవలు నేనే కుక్కాను. ఈయన లేకపోతే అన్నీ పోయేవి."

"కాదు సార్, ఆవిడ చెప్పేది వినకండి."

"మీరుండండి!"

"ఆపండర్రా!" అన్నాడు తండ్రి. "తప్పెవరిదో తర్వాత పంచుకోండి. జంట చేపలెట్లా ఉన్నాయి?"

"పెద్దాయన కిందికి దిగాడు నాన్నా. తిరుగుతున్నాడు."

"వాడు కాదే, అది ఆడది! ఆ జాతి జంటలో పెద్దది ఎప్పుడూ ఆడదే. మగాడు దాని చెప్పుచేతల్లో ఉంటాడు."

"మా ఇంట్లోనూ అంతే సార్, నాన్న మా అమ్మ మాట జవదాటడు," అన్నాడు మెకానిక్. అవతల తండ్రి పకపకా నవ్వాడు. కూతురు ఊపిరి పీల్చుకుంది.

ఆరున్నరకి ఇరవై ఏడు చూపించింది. పెద్దావిడ మొదటి మెతుకు మింగింది. టీచరు ఆనందం పట్టలేక మెకానిక్ చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత గుర్తొచ్చి వదిలేసింది. కాస్త ఆలస్యంగానే గుర్తొచ్చింది.

కొన్నాళ్ళకి తండ్రి నల్లకళ్ళజోడుతో తిరిగొచ్చాడు. ఆ వచ్చిన ఆదివారం మెకానిక్ కొత్త హీటరు బిగించడానికి వచ్చాడు. పై ఆదివారం, వేడి దాటితే దానంతటదే కరెంటు కట్టేసే కంట్రోలర్ పెట్టడానికి వచ్చాడు. ఆ పై ఆదివారం జాలీ తోమడానికి. నాలుగో ఆదివారం స్టూలెక్కి ట్యాంకు పైన క్లిప్పేదో బిగిస్తుంటే, తండ్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఏమయ్యా, చిల్లర్ చెడిందా?"

"లేదు సార్."

"హీటరు?"

"బంగారంలా ఉంది సార్."

"మరి ప్రతి వారం ఈ సర్వీసేమిటి?"

మెకానిక్ బిగించిన క్లిప్పునే మళ్ళీ బిగించాడు. వంటింట్లోంచి టీచరు గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"నేనే రమ్మంటున్నాను నాన్నా. నాకు ఈయన నచ్చాడు. ఈయనకి నేను నచ్చానో లేదో నోరు తెరిచి చెప్పడు. ప్రతి వారం ఏదో ఒకటి తోమి వెళ్ళిపోతున్నాడు."

బుడుంగుమని శబ్దం. మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ ట్యాంకులో పడింది.

"నచ్చారండీ," అన్నాడు స్టూలు మీంచే. "తలుపు తీసినప్పుడే నచ్చారు. అప్పుడు ఊపిరాడక చెప్పలేదు."

తండ్రి కళ్ళజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"పెళ్ళి సంగతి మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను. ముందు ఆ ఇనప ముక్క బయటికి తియ్యండి, ఉప్పునీళ్ళలో తుప్పు పడితే నా చేపలు చస్తాయి!"

ఇద్దరూ ఒకేసారి నీళ్ళలోకి చేతులు పెట్టారు. తండ్రి పేపరు విప్పుకుని రెండు వార్తలు పూర్తిగా చదివాడు. తలెత్తి చూస్తే చేతులింకా నీళ్ళలోనే ఉన్నాయి.

"ఒక్క స్క్రూడ్రైవర్ తియ్యడానికి ఇద్దరు మనుషులకి ఇంతసేపా?" అన్నాడు.