నూనె అడగని చప్పుడు

శనివారం మధ్యాహ్నం. తెలుగు నేతవాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ ఉధ్నాలోని ఆ గల్లీలో మగ్గాల చప్పుడులో ఇంకేదీ వినిపించదు. అలాంటి చోట కూడా లక్ష్మీరాజం తాత కారు వచ్చి ఆగితే అందరికీ తెలిసిపోయింది.

కీఈఈచ్!

"ఆ ఒర్రుడు బందైతేనే నేను ఎక్కేది," అంది వెంకటవ్వ, గడపలో నిలబడి. "రేపు బార్డోలీల మా చెల్లె ఇంటి ముందట గిట్ల ఒర్రితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"అరవై ఏండ్ల బండి. జర గొంతుండదా?" అన్నాడు తాత.

"నీకూ అరవై దాటినయ్. నువ్వు గిట్లనే ఒర్రుతున్నవా?"

వాళ్ల మనవరాలు, పదేళ్ల సంధ్య, పకపకా నవ్వింది.

ఆ ఎర్ర స్పోర్ట్స్ కారుకు రెండే సీట్లు. పైన కప్పు లేదు. ఒకప్పుడు తాత పనిచేసిన మిల్లు సేటుది. సేటు దాన్ని భంగార్ కింద, అంటే పాత ఇనుము లెక్కన, అమ్మేస్తుంటే తాత కొన్నాడు. ఆరుగురున్న ఇంటికి రెండు సీట్ల కారేంటని గల్లీ అంతా నవ్వింది. నవ్వేవాళ్లకేం, వాళ్లెప్పుడూ ఉంటారు. కారు కింద పడుకుని స్పానర్ పట్టుకునేవాళ్లే ఉండరు. తాత ఏళ్ల తరబడి తన ఆదివారాలన్నీ దానికే పెట్టాడు. రేపు మొదటిసారి దాన్ని ఊరు దాటిస్తాడు. పక్క సీటు అవ్వది.

"బ్రేకు చప్పుడు సంగతి రేపు పొద్దుగాల చూస్త. ఎవ్వలు ముట్టకుండ్రి," అని తాత మగ్గాల షెడ్డుకు వెళ్లిపోయాడు.

సంధ్య మనసు ఊరుకోలేదు. అవ్వ ఎక్కనంటే ఎలా? చప్పుడుకు మందు తనకు తెలుసు. షెడ్డులో మగ్గం ఎక్కడ కీచుమంటే అక్కడ నాన్న నూనె పెడతాడు. చప్పుడు ఆగిపోతుంది. నడక రానప్పటి నుంచీ చూస్తున్నదే.

పొడవాటి ముక్కున్న నూనె డబ్బా తెచ్చింది. ఆ కారు చక్రాలకు సైకిలు చక్రాల్లాగే పుల్లలున్నాయి. వాటి సందులోంచి డబ్బా ముక్కు దూర్చి, లోపల కనిపిస్తున్న బ్రేకు పళ్లెం మీద నూనె పోసింది. అటువైపు చక్రానికీ పోసింది. పళ్లెం తళతళా మెరిసింది.

సాయంత్రం పక్కింటి చిరంజీవి సైకిలు మీద వచ్చాడు. వాడి బ్రేకు కూడా కీచుమంది.

"ఆగురా, డాక్టర్ వచ్చింది," అంటూ సంధ్య బ్రేకు రబ్బర్లకూ, చక్రం అంచుకూ నూనె పూసింది.

"ఫీజేంది డాక్టర్ సాబ్?"

"ఒక రౌండ్ ఇయ్యి, చాలు."

"ముందుగాల నేను చూస్త."

చిరంజీవి గల్లీ చివరిదాకా వెళ్లి, జోరుగా వెనక్కి వచ్చాడు. బ్రేకు నొక్కాడు. సైకిలు కీచుమనలేదు. ఆగనూ లేదు.

"హటో! హటో!" అని అరుస్తూ, చీరల మూటలు దింపుతున్న తోపుడుబండిని గుద్దేశాడు. ఎగిరి మూటల మీద బోర్లా పడ్డాడు. మూటలు మెత్తగా ఉండబట్టి సరిపోయింది.

"నీ డాక్టరీ పాడుగాను! బ్రేకు పడ్తలేదు, జారుతుంది!" అన్నాడు లేస్తూ.

సంధ్య నవ్వబోయింది. అంతలోనే తను కారుకు పోసిన నూనె గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఇంటి వైపు నుంచి కారు స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది. షెడ్డు నుంచి తిరిగొచ్చిన తాత, రేపటికి పెట్రోలు పోయించడానికి బయలుదేరుతున్నాడు. బంకు ఫ్లైఓవర్ అవతల ఉంది.

చెబితే తాత ఇంకెప్పుడూ కారు దగ్గరికి రానివ్వడేమో. రేపటి ప్రయాణం తన వల్లే ఆగిపోతుందేమో. సంధ్య ఇలా అనుకుంటూ ఉండగానే కాళ్లు పరుగెత్తేశాయి.

"తాతా! కదలకు! బ్రేకు పడదు!"

తాత చెయ్యి గేరు మీద ఉంది. "ఏమైంది బిడ్డా?"

"నేను నూనె పోసిన. బ్రేకులకు. రెండు దిక్కుల."

తాత తాళం తిప్పాడు. ఇంజన్ ఆగింది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాడు.

"ముట్టొద్దన్న గదనే," అన్నాడు.

"ఒర్రితే అవ్వ ఎక్కదని..." సంధ్య ఏడ్చేసింది.

తాత దిగి చక్రం విప్పాడు. బ్రేకు ప్యాడ్లు నూనె తాగేశాయి.

"ఇవి ఇగ పనికిరావు. కొత్తయి ముంబయి నుంచి రావాలె."

మంచం మీద తీసిపెట్టుకున్న పట్టుచీరను అవ్వ మళ్లీ బీరువాలో పెట్టేసింది. "ఒర్రినా ఎక్కుదును. ఉత్తగనే అంటి," అని గొణిగింది.

తాత సంధ్య చేతికి ఒక గుడ్డ ఇచ్చాడు. ఇద్దరూ కూర్చుని పళ్లెం తుడిచారు.

"మగ్గం కీచుమంటే ఆకలని ఏడ్సినట్టు. నూనె పెట్టాలె," అన్నాడు తాత. "ఈ బ్రేకు కీచుమన్నది దుమ్ము పట్టి. దీనికి నూనె పెడితే ఆగుడే మర్సిపోతది." గుడ్డ దులిపి మళ్లీ అన్నాడు. "ఉరికొచ్చి చెప్పినవ్ సూడు, అది మంచి పని చేసినవ్."

ఆ రోజే సంధ్య చిరంజీవి సైకిలును కూడా సబ్బు పెట్టి కడిగింది. వాడు మాత్రం డాక్టర్‌ను బ్రేకు దగ్గరికి రానివ్వకుండా పక్కనే కాపలా నిలబడ్డాడు.

పాత కారు సామాను అంత తొందరగా ఎవరు పంపిస్తారు? ప్యాడ్లు వచ్చేసరికి వానలు వెళ్లిపోయాయి. తాత వాటిని బిగించి, గల్లీలో పదేపదే ఆపి చూసుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున అవ్వ పట్టుచీర కట్టుకుని వచ్చి కారు తలుపు తీసింది.

కిర్ర్ర్...

సంధ్య వెంటనే నూనె డబ్బా అందుకుంది. రెండడుగులు వేసి ఆగింది. డబ్బాను కింద పెట్టింది.

"తాతా, జర ఇటు రా! తలుపు ఏడుస్తుంది. ఆకలా, దుమ్మా?"

తాత వచ్చాడు. తలుపును ముందుకూ వెనక్కూ ఊపాడు. చెవి దగ్గరగా ఆనించి విన్నాడు.

"ఆకలే," అన్నాడు. "ఇగో, ఈ కీలుకు పెట్టు. ఒక్క చుక్క."

సంధ్య వంగి, నాలుక పంటికింద పెట్టుకుని, ఒక్క చుక్కే పెట్టింది.